పంచమి తేదీ వేసిన కాగితం

పోయిన నెలలో గుడి కమిటీ ఆయన మా ఇంటికి వచ్చినాడు. అన్నదానానికి ఏటా ఇచ్చేది ఇద్దామని చెక్కు పుస్తకం తీసి, రాత కళ్ళజోడు తగిలించుకుని కూర్చున్నాను. గుడి పేరు రాసి, అంకెలు వేసి, సంతకం పెట్టి తేదీ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, ఇప్పుడు మూఢం నడుస్తాంది కదా. చెక్కు ఇయ్యండి, తేదీ మాత్రం మూఢం పోయినాక వచ్చే దశమిది వేయండి. ఎట్లాగూ అప్పటిదాకా బ్యాంకులో వేయము" అన్నాడు. మంచి మాటే. మన ఇళ్ళలో వందసార్లు విన్న మాటే. కానీ నా చెయ్యి ఆగిపోయింది. లేచి లోపలికి పోయి చెంబెడు నీళ్ళు తాగి వచ్చి, "ఈ రోజు తేదీయే వేస్తాను నాయనా. స్వామికి మూఢం ఉంటుందా?" అన్నాను. ఆయన నవ్వి, "మన వాళ్ళలో మూఢం పట్టదనే మనిషిని ఇప్పుడే చూస్తిని తల్లీ" అని చెక్కు కళ్ళకద్దుకుని పోయినాడు. నేను మాత్రం చాలాసేపు మంచం కోడు పట్టుకునే కూర్చున్నాను. యాభై ఏళ్ళు దాటినా భయం అనేది ఎక్కడ దాక్కుంటుందో చూడండి.

నేను బడికి పోయిన దాన్ని కాను. మా నాయనకు గిద్దలూరులో చిన్న దుకాణం. గోనెసంచి మడిచి చింతపండు బుట్టల పక్కన వేసి, దాని మీద నన్ను కూర్చోబెట్టి, బేరాల మధ్యలో అక్షరాలు దిద్దించినాడు. ఒక అక్షరానికి ఒక గిరాకీ అడ్డం వచ్చేది. "అ" దిద్దుతుంటే కందిపప్పు, "ఆ" దిద్దుతుంటే కొబ్బరినూనె. అట్ల నేర్చిన రాత కాబట్టి తొందర లేకుండా గుండ్రంగా వచ్చింది. పద్దెనిమిదో ఏట మార్కాపురం కోడలిగా వచ్చిన కొత్తలో నేను రాసిన సామాన్ల పట్టీ మా మామగారి కంట పడింది. "ఇది ఎవరి రాత?" అని ఆయన గట్టిగా అడిగితే, ఏదో తప్పు చేసినాననుకుని తలుపు వెనక్కి పోయి నిలబడినాను. ఆయన ఆ పట్టీని వెలుతురుకు పట్టుకుని చూసి, "అచ్చు వేసినట్టుంది. ఇంక ఈ ఇంట్లో రాతపని అమ్మాయిదే" అన్నారు. ఆ రోజు నుంచి ఉత్తరాలు, ఒప్పందాలు, ఆఖరికి చెక్కులు కూడా నా చేతి మీదుగానే పోయేవి. సంతకం ఆయనది, మిగతా రాత నాది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని చెప్పిన మామగారు దొరకడం నా పూర్వపుణ్యం. ఆ కాలంలో ఎంతమంది కోడళ్ళకు ఆ భాగ్యం?

మా వాళ్ళది పలకల వ్యాపారం. ఇంటి ముందు భాగంలోనే పని. గనుల నుంచి బండ్ల మీద రాయి వచ్చేది, దాన్ని రేకుల్లాగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం కొట్టి, వరిగడ్డి మధ్యన సర్ది ఎక్కడెక్కడికో పంపేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాయి రుద్దే చప్పుడు. బూడిదరంగు దుమ్ము పప్పులో, మడతపెట్టిన చీరల్లో, దేవుడి పటాల మీద కూడా పడేది. మా ఊరు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి కొత్త జిల్లాలో చేరి అప్పటికి ఎక్కువ రోజులు కాలేదు. ఉత్తరాల మీద కొత్త జిల్లా పేరు రాయడానికి కూడా మామగారు మంచి రోజు చూసినారంటే ఇప్పటి వాళ్ళు నమ్మరు. ఆ మంచి రోజు వచ్చేదాకా మేము ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాము.

ఆయనకు తేదీ అంటే ఆ రోజు ఏ రోజో చెప్పే గుర్తు కాదు. ముహూర్తం. ఆషాఢంలో, మూఢంలో, అష్టమి నవముల్లో, మంగళవారాల్లో ఏ కాగితం మీదా ఆ రోజు తేదీ పడనిచ్చేవారు కారు. పని ఆగుతుందా అంటే అదీ ఆగేది కాదు. రాయించి, సంతకం పెట్టేసి, తేదీ మాత్రం రాబోయే మంచి రోజుది వేయించేవారు. కాగితం నాలుగు మూలలా పసుపు అద్ది, దేవుడి పీట కింద పెట్టి, "పడుకోనీ అమ్మాయ్, ఆ రోజుకు లేపుదాం" అనేవారు. నిజంగానే ఆ తేదీ నాడు తలస్నానం చేసి, దీపం పెట్టి, కాగితాన్ని పీట కింద నుంచి తీసి ఎవరిది వాళ్ళకు ఇచ్చేవారు. చట్రాలకు చెక్క తెచ్చే నంద్యాల ఆయనకు ఒకసారి ఇరవై రోజుల తర్వాత చెక్కు ఇస్తామంటే లబోదిబోమన్నాడు. మామగారు చాలా శాంతంగా, "అది పుష్యమి నాయనా. ఆ రోజు చేతికొచ్చిన డబ్బు నిలబడతాది" అన్నారు. "నిలబడేది తర్వాత, ముందు రానీ శెట్టీ" అని ఆయన. బ్యాంకులో మేనేజరు గారైతే, "మీ చెక్కులు బ్యాంకుకు రావు శెట్టిగారూ, లగ్నం పెట్టుకుని పెళ్ళికి వస్తాయి" అని ఎగతాళి చేసేవాడట. మామగారు ఆ మాట ఇంటికొచ్చి తనే చెప్పుకుని నవ్వేవారు. నాకూ ఆ పద్ధతి ముచ్చటగానే ఉండేది. పసుపు మూలల కాగితం దేవుడి పాదాల దగ్గర నిద్రపోవడంలో భయపడాల్సింది ఏముందని?

ఇంక చిన్నమ్మ గురించి చెప్పాలి. మా మామగారి చెల్లెలు. నాకు వరసకు చిన్నమ్మ అవుతుంది, మా ఇంటాయనకూ, ఆయన అన్న మా బావగారికీ మేనత్త. పందొమ్మిదో ఏట మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి, ఇంటి వెనక రెండు గదుల్లో ఉండిపోయింది. నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆమెకు యాభై దాటింది. వంట ఆమెది, ఊరగాయలు ఆమెవి, పిల్లల జ్వరాలు ఆమెవి. నాకు మొదటి కాన్పు కష్టమైనప్పుడు నా తల దగ్గర కూర్చుని, "అరువు అరువు, ఊరంతా వినపడేటట్టు అరువు, మీ అత్త ఉంటే ఊరుకోమనేది, నేను అనను" అని నవ్వించిన మనిషి. అత్తగారు నేను రాకముందే పోయినారు. అత్తా అమ్మా రెండూ చిన్నమ్మే.

బావగారు పక్క వీధిలో వేరు కాపురం. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పని రాక్షసుడు. సరుకు పెరిగింది, గోదాము చాలదు, వెనక రెండు గదులూ పడగొడితే ముప్పై బండ్ల పలకలు పడతాయని ఆయన లెక్క. "అత్తకు శ్రీశైలం సత్రంలో గది చూస్తా నాయనా. స్వామి సేవలో ఉంటాది, పుణ్యం" అని మా మామగారితో రెండు మూడుసార్లు అన్నాడు. మామగారు వద్దనలేదు, సరే అనలేదు. చిన్నమ్మ ఆ మాట విని కూడా విననట్టు చింతపండు పిసుకుతూ ఉండేది. ఒకరోజు మాత్రం నాతో, "శ్రీశైలంలో చలి ఎక్కువంటనే?" అని అడిగింది. నేను కుంపటి ఊదినాను.

తొలి ఏకాదశి పోయిన వారానికి, ఒక సోమవారం మామగారు నన్ను పిలిచి వీలునామా రాయించినారు. ఇంటి వెనక రెండు గదులూ, పెరడూ తన చెల్లెలు బతికి ఉన్నంత కాలం ఆమెవే, ఎవరూ కదపరాదు, ఇదీ దాని సారాంశం. పక్కింటి మాస్టారూ, గని నడిపే స్నేహితుడూ సాక్షి సంతకాలు పెట్టినారు. ఆషాఢం కదా, తేదీ ఏం వేయాలని నేను అడగనక్కర లేదు. "శ్రావణ శుద్ధ పంచమి, గురువారం అని రాయి అమ్మాయ్. ఆ రోజు పిలిచి చెల్లెలి చేతిలో పెడదాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు, దానికి అసలే చెప్పొద్దు" అన్నారు. ఇంకా పదిహేడు రోజులుంది. నేను నా గుండ్రటి రాతతో పంచమి తేదీ వేసినాను. పసుపు అద్దినాము. కాగితం పీట కింద పడుకుంది. చిన్నమ్మకు మంచి జరగబోతున్నదని నాకు లోపల్లోపల ఎంత సంతోషమో. ఆ సాయంత్రం ఆమె జడ వేస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటే, "ఏందే, పిచ్చిగాని పట్టిందా?" అని అడిగింది కూడా.

సరిగ్గా ఆరు రోజులకు మామగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. పలకల కట్ట దగ్గర కూర్చుని లెక్క చూస్తున్న మనిషి చెమటతో తడిసిపోయి పక్కకు ఒరిగినారు. డాక్టరు వచ్చి సూది వేసి, కదలరాదన్నాడు. ఇంట్లో రాయి రుద్దే చప్పుడు ఆపేసినారు. ఆ నిశ్శబ్దం నాకు మొదటి భయం. పనివాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. దుమ్ము పడక దేవుడి పటాలు మెరుస్తున్నాయి, నాకేమో వాటి వైపు చూడాలంటే ధైర్యం చాలడం లేదు. ఎందుకంటే పీట కింద ఏముందో మామగారికీ నాకూ తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ భయం ఎట్లాంటిదో సరిగ్గా చెప్పాలి. మనిషి పోతాడేమోనన్న భయం అందరిదీ. నాకు దాని కింద ఇంకొకటి. పంచమి రాకముందే ఈయన కన్నుమూస్తే, ఆ కాగితం మీద ఉన్నది ఆయన లేని రోజు. లేని మనిషి పెట్టిన సంతకం అవుతుంది. ఆ తేదీ రాసిన చెయ్యి నాది. కంభంలో ఎవరో దస్తావేజులు రాసే ఆయన్ని తేదీ మార్చినాడని పోలీసులు పట్టుకుపోయినారని ఎప్పుడో విన్న మాట, ఇప్పుడు పగలంతా చెవిలో మోగేది. నన్ను తీసుకుపోతే నా బిడ్డకు పాలెవరిస్తారు? నా సంగతి అట్ల ఉంచి, చిన్నమ్మను శ్రీశైలం బస్సు ఎక్కించడానికి ఆ ఒక్క తప్పుడు తేదీ చాలు. గోడ మీద క్యాలెండరు దగ్గరికి పోయి రోజులు లెక్కపెట్టేదాన్ని. పొద్దున లెక్కపెట్టినవే మధ్యాహ్నం మళ్ళీ. తగ్గుతాయా? చెన్నకేశవస్వామికి మొక్కుకున్నాను, "పంచమి దాకా ఉంచు తండ్రీ" అని. మొక్కుకున్న మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. నూరేళ్ళు ఉంచు అని అడగాల్సిన నోటితో పంచమి దాకా అని అడిగినానే అని. చెంపలు వేసుకుని మళ్ళీ మొక్కుకున్నాను. రెండో మొక్కులో కూడా మనసు పంచమి దగ్గరే ఆగింది.

ఒక మధ్యాహ్నం బ్లేడు పట్టుకుని పీట దాకా పోయినాను. తేదీని సన్నగా గీకేసి, రాయించిన సోమవారం తేదీ వేస్తే నిజమే కదా అబద్ధం కాదు కదా అని. పీట ఎత్తినాను. పసుపు మరకల మధ్య నా రాత ఎంత నిబ్బరంగా, ఎంత అందంగా ఉందో. బ్లేడు ఆనించబోయినాను. అప్పుడే వంటింట్లోంచి చిన్నమ్మ, "ఒసే పిల్లా, అన్నకు జావ వడకడుతున్నా, వచ్చి గుడ్డ పట్టుకో" అని కేకేసింది. పీట దించేసి పరుగెత్తినాను. జావ వడకట్టే గుడ్డ నా చేతుల్లో వణుకుతుంటే ఆమె చూసి, "నువ్వే ఇట్లయితే ఎట్లనే? మా అన్న గట్టోడు" అని నా వీపు నిమిరింది. ఆమె ధైర్యం చూస్తే నా భయం రెండింతలైంది. ఆ చెయ్యి ఆ ఇంట్లో ఇంకెన్ని రోజులుంటుందో నిర్ణయించే కాగితం సంగతి ఆమెకే తెలియదు.

శనివారం వచ్చింది. అమావాస్య. శనివారం అమావాస్య అంటే మా ఇంట్లో ఆ రోజు కొత్త చీపురు కూడా వాడరు. పొద్దున్నే మామగారికి మళ్ళీ నొప్పి వచ్చింది. డాక్టరు చూసి మా ఇంటాయన్ని అవతలికి పిలిచి, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సిందేనన్నాడు. మధ్యాహ్నం రైలు. స్టేషనుకు టాక్సీ మాట్లాడడానికి మా ఇంటాయన పోయినాడు. బావగారు డబ్బు తేవడానికి పోయినాడు. చిన్నమ్మ దారికని వంటింట్లో జావ కాస్తోంది. గదిలో మంచం మీద మామగారు, గడప దగ్గర నేను.

ఇప్పుడు అడగకపోతే మళ్ళీ అడగలేను. అడగడం అంటే ఏమిటో నాకు తెలుసు. అమావాస్య నాడు సంతకం పెట్టమని ఆ మనిషిని అడగడమంటే, నువ్వు పంచమి చూడవు అని మొహాన చెప్పడమే. గుంటూరు పోయి బాగుపడి రావాల్సిన మనిషి గుండె ఆ మాటకే ఆగిపోతే? ఆ పాపం ఏ గంగలో కడుక్కోను? గోవిందా గోవిందా అనుకుంటూ పీట కింద కాగితం తీసినాను. చట్రం లేని పలక ఒకటి గూట్లో ఉంటే అది కూడా తీసుకుని మంచం దగ్గరికి పోయినాను.

"మామయ్యా, చిన్నమ్మ కాగితం..."

ఆయన కళ్ళు తెరిచినారు. "పంచమికి కదా."

"ఈ రోజు తేదీ వేస్తే బాగుంటుందేమో మామయ్యా."

"ఈ రోజు ఏందో తెలుసా నీకు?"

"తెలుసు. అమావాస్య."

"శనివారం అమావాస్య."

"అవును మామయ్యా."

"అంటే పంచమి దాకా నేను ఉండననే కదమ్మా నువ్వనేది?"

మంచం పక్కన నేల మీద కూలబడినాను. ఏవేవో సర్దిచెప్పే మాటలు నోటిదాకా వచ్చినాయి. "నాకు భయంగా ఉంది మామయ్యా" అన్నాను, అంతే.

ఆయన పైకప్పు వైపు చూస్తూ ఒక మాట అన్నారు. "నాకూ భయంగానే ఉందమ్మాయ్. ఎవరూ ఆ మాట ఎత్తకపోతే, నా ఒక్కడికే అనుకుంటి." కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారినాయి. నేను కొంగుతో తుడిచినాను. దిండు ఎత్తుచేసి, పలక మీద కాగితం పెట్టి, కలం చేతికిచ్చినాను. పంచమి తేదీని ఆయన తన చేత్తోనే అడ్డంగా కొట్టేసినారు. కింద రాయడం మొదలుపెట్టినారు. నేను పలక కదలకుండా రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను, స్వామి పేరు తప్ప ఇంకేదీ తలవకుండా. కలం చప్పుడు వినపడుతూనే ఉంది. ఒక తేదీకి ఇంతసేపా అనిపించింది, చెయ్యి వశంలో లేదేమో అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే చిన్నమ్మ జావ గిన్నెతో వచ్చింది. "అన్నా, అమావాస్య పూట ఏంది ఆ రాతలు? ఆ లెక్కలేవో పంచమికి చూసుకోరాదా?"

మామగారు తలెత్తకుండా, "పంచమికి వేరే పనులుండాయి లేమ్మా. జావలో ఉప్పేసినావా?" అన్నారు. సంతకం చేసి, కాగితాన్ని తనే మడిచి, కవరులో పెట్టి నాలుకతో తడిపి అంటించినారు. "పీట కింద పెట్టు. పసుపు వద్దులే" అన్నారు. నేను దాన్ని తెరిచి చూడలేదు. ఆ దిద్దుబాటుకు సాక్షి నేనొక్కదాన్నే, చూస్తే ఇంకా భయపడతాననే చూడలేదు.

టాక్సీ ఎక్కేటప్పుడు మామగారు ఇంటి వైపు కాకుండా చిన్నమ్మ వైపు చూసి, "వస్తా అమ్మా" అన్నారు. ఆమె, "పోయి వస్తా అను అన్నా, ఉత్త వస్తా ఏంది" అని కోప్పడింది. మంగళవారం, తదియ నాడు గుంటూరులో పోయినారు.

గురువారం వచ్చింది. ఇంటినిండా మనుషులు, ఏడుపులు, వచ్చేపోయే చుట్టాలకు వంట. ఆ గందరగోళంలో అది పంచమి అని తలుచుకున్నది ఆ ఇంట్లో నేనొక్కదాన్నేనేమో. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆకాశం వైపు చూసినాను. మామూలు ఎండ. పాలావిడ వచ్చింది, పాలు పోసింది, రేపు ఎన్ని కావాలని అడిగింది. ఎన్ని రోజులు ఆ తేదీ వైపు చూసి వణికినానో, అది వచ్చి నన్ను గుర్తుపట్టకుండానే పోయింది.

పన్నెండో రోజు భోజనాలయినాక పెద్దవాళ్ళంతా వసారాలో కూర్చున్నారు. నేను చెప్పగా మా ఇంటాయన పీట కింది కవరు తెచ్చి బావగారి చేతికిచ్చినాడు. అప్పట్లో బావగారి ఎదుటికి నేను వచ్చేదాన్ని కాదు. తలుపు చాటున నిలబడి, తలుపు గొళ్ళెం పట్టుకుని ఉన్నాను. ఆయన కవరు చించి, కాగితం పైనుంచి చూస్తూ వచ్చి, కొట్టివేత దగ్గర ఆగినాడు. మొహం మారిపోయింది.

"మా నాయన అమావాస్య నాడు వక్కపలుకు కూడా కొననోడు. శనివారం అమావాస్య నాడు వీలునామా రాసినాడంటే నన్ను నమ్మమంటారా?" అన్నాడు. "పైన పంచమి అని ఉండాది. పంచమికి ఆయన లేనే లేడు. దాన్ని కొట్టేసి అమావాస్య. ఇది యాడి దొంగ కాగితం?"

మాస్టారు లేచి, "నేను సాక్షిని నాయనా. ఆషాఢంలో సోమవారం నా ఎదురుగానే రాయించినాడు" అన్నారు.

"మరి కాగితం మీద సోమవారం యాడుంది మాస్టారూ? రాబోయే పంచమికి మీరు ముందే పోయి సంతకం పెట్టొచ్చినారా?"

మాస్టారు దగ్గి కూర్చున్నారు. వాళ్ళందరికీ తెలుసు మామగారి పద్ధతి. అందరూ ఇన్నేళ్ళూ నవ్వుకున్న పద్ధతే. కానీ ఆ పద్ధతి తెలిసినందువల్లనే ఎవరూ ఆ అమావాస్యను నమ్మలేకపోతున్నారు. ఆయన జీవితంలో పెట్టిన ఒకే ఒక్క నిజమైన తేదీ, అబద్ధం లాగా ఉంది.

"ఈ రాత ఎవరిది?" బావగారు తలుపు వైపు తిరిగినాడు.

గొళ్ళెం వదిలేసి బయటికి వచ్చినాను. అంతమంది మగవాళ్ళ ముందు మొదటిసారి నిలబడినాను. "నాది బావగారూ. పైది నాది. కింది తేదీ మామయ్యది." "నేనే అడిగినాను" అని కూడా అన్నాను. అనాల్సిన పని లేదు. కానీ దాచుకుంటే భయం ఇంకా పెరుగుతుందని అప్పటికే తెలిసింది.

"నువ్వడిగితే రాసినాడా? సావు బతుకుల్లో ఉన్న మనిషిని?" అంటూ ఆయన ఆ వంకర గీతలను దగ్గరగా పెట్టుకున్నాడు. "తేదీ కింద ఇంకేందో ఉండాది" అన్నాడు. చదవడానికి చాలా కష్టపడినాడు. పైకే చదవడం మొదలుపెట్టినాడు.

"ఈ రోజు శనివారం, అమావాస్య. తెలిసే రాస్తున్నాను. చిన్న కోడలు భయపడుతూ అడిగింది. నేనూ భయపడుతూనే సంతకం పెడుతున్నాను. మంచి రోజు కోసం ఆగే తీరిక నాకు లేదు. నా చెల్లెలు..." అక్కడ ఆయన కాగితం దించేసినాడు. మిగతాది మాస్టారు అందుకుని చదివినారు. "నా చెల్లెలు ఈ ఇంట్లోంచి పోరాదు. పెద్దోడా, నీకు కోపం వస్తాది. గోదాముకు ముందు వసారా తీసుకో."

"పెద్దోడా" అని ఆయన్ని పిలిచే మనిషి ఇంక లేడు. బావగారు భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని వీపు చూస్తే తెలిసింది. తర్వాత లేచి వంటింటి వైపు పోయినాడు. చిన్నమ్మ ఈ మాటలేవీ పట్టనట్టు ఎంగిలి విస్తళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

"అత్తా, ఇది నీది" అని కాగితం ఇచ్చినాడు.

"ఏందిరా అది? నాకు చదవడం వస్తాదా?"

"నాయన రాసిచ్చినాడు. నీ గదులు నీవేనంట. దాచుకో."

ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడ అన్న చెయ్యి తగిలిందో వెదుకుతున్నట్టు వేలితో తడిమింది. "నాకు చెప్పకుండానే ఇంత పని చేసినాడా" అని, నా వైపు చూసి, "నువ్వు కూడానా?" అంది. నేను తల ఊపినాను. "అందుకేనా నీకు ఆ వణుకు? నేనేమో నెల తప్పినావేమో అనుకుంటిని" అంది. ఆ ఇంట్లో పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వు వినపడింది. నవ్వుతూనే ఆమె గోడకు ఆనుకుని కూలబడి, అన్నా అన్నా అని ఏడ్చింది.

చిన్నమ్మ ఆ గదుల్లోనే ఇంకా పందొమ్మిదేళ్ళు ఉంది. నా పిల్లలు ముగ్గురూ ఆమె చేతి అన్నం తిని పెరిగినారు. బావగారు తర్వాతెప్పుడూ ఆ మాట ఎత్తలేదు, పైగా వర్షాకాలానికి ముందు ఆయనే మనుషుల్ని పంపి ఆ గదుల కప్పు బాగుచేయించేవాడు. అన్నిటికీ స్వామికి దణ్ణం పెట్టుకుంటాను. అడిగే ధైర్యం ఇవ్వకపోయినా, భయపడుతూనైనా అడిగేటట్టు చేసినందుకు ఇంకొక దణ్ణం. కాలం మన కోసం మంచి రోజులను ఏరి పక్కన పెట్టదనీ, చేతిలో ఉన్న రోజు ఎట్లాంటిదైనా దాన్నే వాడుకోవాలనీ నాకు తెలిసింది ఇరవై రెండో ఏట. పూర్తిగా నమ్మడానికి మాత్రం డెబ్బై దాటాల్సి వచ్చింది.